గుమ్మటం కింద నేల

మార్చి 4

జూ గేట్లు తీయకముందే అక్క నన్ను తనతో రౌండ్లకి తీసుకెళ్ళింది. జంతువుల డాక్టరుకి చెల్లెల్నయ్యుండీ ఇన్నేళ్ళూ నేను జూ చూసింది టికెట్టు కొన్నవాళ్ళ వైపు నుంచే. వెనక వైపు జూ వేరు. ఇనప తలుపులు, తడి చీపుళ్ళు, బకెట్ల చప్పుడు, వాటి మధ్య అక్క ఒక్కో జంతువునీ పేరుపెట్టి పలకరించడం.

చీమల్ని తినే జంతువొకటి ఉంది. ముందు నుంచి చూస్తే గరాటు, వెనక నుంచి చూస్తే చీపురు. అడవిలో ఉచ్చు నుంచి విడిపించి తెచ్చిన అలుగు ఒకటి ఆసుపత్రి గదిలో ఒళ్ళంతా పొలుసులు బిగించి బంతిలా చుట్టుకుని పడుకుంది. బూటు ముక్కు పక్షి అయితే హెడ్మాస్టరులా కదలకుండా నిలబడి చూసింది. అక్క దానికి తల వంచింది. అదీ వంచింది.

"మర్యాద ఇస్తే మర్యాద ఇస్తుందే. మనుషుల కన్నా నయం" అంది అక్క.

చివర్లో గుమ్మటం. భవనాలు గీసేదాన్ని కదా, దీన్ని బాగుచేయడం నాకిచ్చిన పని. జిరాఫీల కోసం ఏనాడో కట్టిన గుండ్రటి ఇటుక కట్టడం. తలుపులు తాటి ప్రమాణంలో ఉంటాయి. పైన చుట్టూ విసనకర్రల్లా విచ్చుకున్న కిటికీలు. జిరాఫీలు పోయాక గడ్డి గోదాము చేశారు. పావురాలు, బూజు, విరిగిన ఇటుకల నేల. అయినా లోపలికి అడుగు పెట్టగానే గొంతు దానంతటదే తగ్గిపోయింది. తల ఎత్తాను, ఇక దించలేదు.

"నోరు మూసుకోవే, పావురాలున్నాయి" అంది అక్క.

మార్చి 9

గుమ్మటంలోకి రాబోయే ఒకాపీల జంటను ఈ రోజు చూశాను. వెనక నుంచి జీబ్రా. ముందు నుంచి జిరాఫీకి పిన్నికూతురు. కాళ్ళకి చారల మేజోళ్ళు తొడిగినట్టుంటుంది. మెడ నిమిరితే అరచేతికి గోధుమరంగు జిడ్డు అంటింది. ఆడది నీలం నాలుక సాచి తన చెవి తానే తుడుచుకుంది. మనం చూస్తుంటే మేత ముట్టదు. అందరూ అటు తిరిగాక వచ్చి తింటుంది. అందుకని కాపరి దానికి మొహమాటం అని పేరు పెట్టాడు. మగవాడు మారాజు, వాడైతే నా చేతిలోంచే మేత తిన్నాడు. ఆ కాపరిని జూలో అందరూ బాబాయి అంటారు. నేనూ అదే అంటున్నాను.

మార్చి 26

నేలకి ఎంచిన నల్లరాయి నమూనా పరీక్షలో పాసైంది. తడి మీద కూడా జారదు. గరుకుగా చెక్కిన రాయి. అక్క వచ్చి బూటు అడుగుతో గట్టిగా రాసి చూసింది. "ఇది బావుందే" అంది. అక్క అంత తేలిగ్గా దేన్నీ బావుందనదు.

ఏప్రిల్ 11

ఈ రోజు చూసింది రాసుకోకపోతే నిద్ర పట్టదు. రాళ్ళు పరవడం అయిపోయింది. మేస్త్రీ నేల కడిగించాడు. నీళ్ళు ఇంకా తుడవలేదు, నేలంతా మడుగులా నిలిచి ఉన్నాయి. పై కిటికీల్లోంచి ఎండ దిగింది. నేల మీద గుమ్మటం మొత్తం కనబడింది, తలకిందులుగా, ప్రతి ఇటుకా, ప్రతి కిటికీ. కింద ఇంకో గుమ్మటం ఉన్నట్టు, మధ్యలో నేను వేలాడుతున్నట్టు.

కాసేపటికి నీళ్ళు ఆరాయి. మళ్ళీ మామూలు నల్లరాయి.

ఆ బొమ్మ ఎప్పటికీ ఉండేలా చేయొచ్చు. రాయిని అద్దంలా రుద్దిస్తే చాలు. నేలంతా అక్కర్లేదు, నడిమి వలయం ఒక్కటీ రుద్దిస్తే చాలు. చుట్టూ గరుకు అలాగే ఉంటుంది.

ఏప్రిల్ 12

మేస్త్రీకి చెప్పాను. ఆయన తల గోక్కుని "డాక్టరమ్మగారితో ఒకమాట అన్నారా?" అని అడిగాడు.

అన్నానని చెప్పాను.

రేపు ఎలాగూ చెబుతాను కదా.

ఏప్రిల్ 13

అక్క ఏనుగు పంటి ఆపరేషన్లో ఉంది. తర్వాత చెబుతాను.

ఏప్రిల్ 20

రుద్దడం అయిపోయింది. నేను అనుకున్నదాని కన్నా బాగా వచ్చింది. మేస్త్రీ మనుషులు కూడా చెప్పులు బయట విడిచి లోపలికి వస్తున్నారు. ఎవరూ చెప్పలేదు వాళ్ళకి.

ఏప్రిల్ 28

ఒకాపీలు కొత్త చోటికి అలవాటు పడేదాకా నేలంతా గడ్డి పరిచారు. నా వలయం గడ్డి కింద ఉంది. గడ్డి ఉన్నంతకాలం తొందరేమీ లేదు.

మే 6

ప్రారంభోత్సవం. గడ్డి తీసేశారు. వచ్చినవాళ్ళు ముందు పైకి చూడడం, తర్వాత కిందికి చూడడం, తర్వాత "అబ్బ!" అనడం. నేను కంచె పక్కన నిలబడి ఎన్ని "అబ్బ"లు విన్నానో. క్యూరేటర్ గారైతే నేల ఫోటో పెద్దది చేయించి గేటు దగ్గర పెట్టిస్తానన్నారు.

మొహమాటం ఆ వలయం అంచు దాకా వచ్చి ఆగింది. తల వంచి కింద ఉన్న ఇంకో ఒకాపీని చూసింది. వాసన చూసింది. పక్కనుంచి చుట్టూ తిరిగి వెళ్ళింది. జనం నవ్వారు. నేనూ నవ్వాను.

అక్క వచ్చి నా పక్కన నిలబడింది. "ఏమే, మధ్యలో మెరుస్తోందేమిటి?"

"ఫినిషింగ్ అక్కా. పరీక్ష చేయించాం కదా, నువ్వూ చూశావు."

"సరే. నీ పని నువ్వు చూసుకున్నావంటే ఇంక నేను చూడక్కర్లేదు" అని నా భుజం మీద చెయ్యేసింది.

పరీక్ష చేయించిన మాట నిజమే. అక్క చూసిన మాటా నిజమే.

మే 7

ఒళ్ళు నొప్పులు. రోజంతా ఇల్లు కదల్లేదు.

జూన్ 2

పొద్దున అక్క ఫోన్ చేసింది. గొంతులో ఏ భావమూ లేదు. పనిలో ఉన్నప్పుడు అలాగే ఉంటుంది. "గుమ్మటం పైకప్పులో కొక్కేలు ఎంత బరువు మోస్తాయే? త్వరగా చెప్పు. కాదు, నువ్వే రా."

వెళ్ళాను. గుమ్మటం తలుపులు మూసి ఉన్నాయి. లోపల మొహమాటం నేల మీద కూర్చున్నట్టు ఉంది. కూర్చోలేదు. వెనక కాళ్ళు రెండూ రెండు వైపులకి విడిపోయి ఉన్నాయి. ముందు కాళ్ళతో లేవాలని చూస్తోంది. లేచే ప్రతిసారీ గిట్టలు ముందుకు జారుతున్నాయి. అరవడం లేదు. దగ్గుతున్నట్టు చిన్న చప్పుడు ఒకటి చేస్తోంది.

ఏం జరిగిందో బాబాయి చెప్పాడు. పొద్దున అక్క మత్తుమందు ఇచ్చి దాని గిట్టలు సరిచేసింది. తెలివి వచ్చింది, నిలబడింది, మేత అందుకుంది. అప్పుడు లోపలికి వదిలారు. నేల అప్పుడే కడిగారు. రోజూలాగా చుట్టూ తిరగలేదు. మత్తు పూర్తిగా దిగలేదో ఏమో, నడిమి వలయం మీదుగా నేరుగా నడిచింది.

కొక్కేలు చూశాను. మోస్తాయని చెప్పాను. పట్టీలు కట్టి, గొలుసులు వేసి లేపారు. బాబాయి దాని మెడ కౌగిలించుకుని "లే తల్లీ, లే అమ్మా, ఎవరూ చూడట్లేదులే" అంటూనే ఉన్నాడు. కాళ్ళు నేలకి ఆనాయి. నిలవలేదు. మళ్ళీ లేపారు. మళ్ళీ నిలవలేదు.

అక్క మోకాళ్ళ మీద కూర్చుని తొడ ఎముక దగ్గర తడిమి చూసింది. చాలాసేపు చెయ్యి తీయలేదు. తర్వాత లేచి, అందర్నీ బయటికి వెళ్ళమంది. బాబాయి వెళ్ళలేదు. నేను వెళ్ళాను.

వెళ్తూ చూశాను. మెరిసే రాయి మీద దాని గిట్టలు గీసిన రెండు పొడుగాటి గీతలు. గరుకు రాయి మొదలైనచోట ఆగిపోయాయి.

మధ్యాహ్నానికి, అక్క ఇచ్చిన ఆఖరి సూదితో, అంతా అయిపోయింది. అక్క చేతులు కడుక్కుని నా దగ్గరికి వచ్చింది. "ఇంకాస్త ఆగి వదిలుండాల్సిందే" అంది.

నేను అక్క చేతికి తువ్వాలు అందించాను.

జూన్ 3

నిన్న నేల తడిగా ఉంది. తడి మీద ఏదైనా జారుతుంది. మనుషులూ జారతారు.

జూన్ 5

పేపర్లో వేశారు. "మత్తుమందు మోతాదుపై అనుమానాలు." అక్క ఫోటో కూడా. ఏనుగుతో తీసుకున్న పాత ఫోటో, నవ్వుతూ ఉంది. నవ్వుతున్న ఫోటో వేయాలా?

జూన్ 9

విచారణ. పొడుగు బల్ల, దానికి అటు వైపు ముగ్గురు, ఇటు వైపు మేం. నన్ను పిలిచింది నేల గురించి అడగడానికి. పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని "ఈ రాయికి జారుడు పరీక్ష జరిగిందా అమ్మా?" అన్నాడు.

"జరిగిందండీ. తడి మీద కూడా పాసైంది."

"మంచిది" అని తల ఊపాడు.

ఇంకో ప్రశ్న అడుగుతాడేమో అనుకున్నాను. అడిగితే చెబుదామనే అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. అడగలేదు.

అప్పుడు అక్క, ఎవరూ అడక్కుండానే అంది. "నేల సంగతి వదిలేయండి. మా చెల్లెలు జాగ్రత్త మనిషి. తొందరపడింది నేను."

జూన్ 10

నేను అబద్ధం చెప్పలేదు.

జూన్ 11

పరీక్ష జరిగింది. పాసైంది. నేను అబద్ధం చెప్పలేదు.

జూన్ 15

బావ ఆఫీసుకి వచ్చాడు. ఎప్పుడూ రాని మనిషి. కుర్చీ చూపిస్తే అంచున కూర్చున్నాడు. అక్కని సెలవు మీద పంపారట, విచారణ తేలేదాకా. అంతకు ముందు రోజే అలుగుకి ఇంజెక్షన్ ఇవ్వాల్సి వచ్చిందట. అక్క సూదిలోకి మందు ఎక్కించి, చూసి, పారబోసి, మళ్ళీ ఎక్కించి, చూసి, చివరికి పక్క డాక్టరు చేతికిచ్చి బయటికి వచ్చేసిందట.

"ఇంట్లో తిండి లేదు, మాట లేదు. పుస్తకాలు ముందేసుకుని ఆ మోతాదు లెక్క మళ్ళీ మళ్ళీ వేస్తోంది. ప్రతిసారీ సరిగ్గానే వస్తోంది. మళ్ళీ వేస్తోంది. నువ్వొకసారి రా మరదలా. నా మాట గాలికి పోతుంది, నీ మాటయితే వింటుంది."

వస్తానన్నాను. బావ కాఫీ తాగకుండానే లేచాడు.

జూన్ 16

వెళ్ళాను. అక్క వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉంది. జుట్టు దువ్వుకోలేదు. ఆ వంటింట్లోనే, నేను కాలేజీలో ఉండగా, నా పరీక్ష బొమ్మలకి అంచులు కత్తిరించి పెట్టేది. వంకర పోతే నాకన్నా ముందు తనే ఏడ్చేది.

"నీ తప్పు లేదక్కా" అన్నాను.

"మరి ఎవరిదే?"

కుళాయి కారుతోంది. లేచి వెళ్ళి కట్టేశాను. కట్టినా కారింది. దాన్ని బిగిస్తూ చాలాసేపు అటు తిరిగే నిలబడ్డాను.

"ఒక్కోసారి ఎవరిదీ కాదక్కా. అలా జరిగిపోతాయి."

"నాకు అలా జరిగిపోవే" అంది అక్క. "నా చేతి కింద ఏదీ ఊరికే జరిగిపోదు."

వచ్చేటప్పుడు గుమ్మం దాకా వచ్చి, "నువ్వు వస్తే కాస్త ఊపిరాడుతుందే. రోజూ రా" అంది.

జూన్ 17

వెళ్ళలేదు.

జూన్ 18

వెళ్ళలేదు. తలనొప్పి.

జూన్ 27

భవనాల పత్రికవాళ్ళు ఫోన్ చేశారు. గుమ్మటం మీద నాలుగు పేజీలు వేస్తారట. జంతువు సంగతి రాయరట, "అది వైద్య సంబంధం కదండీ" అన్నారు. సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది, నన్ను ఎవరూ బతిమాలలేదు. అడగ్గానే సరేనన్నాను.

ఇప్పుడు చెబితే మాత్రం ఏమొస్తుంది? మొహమాటం తిరిగి రాదు. అక్క మీద విచారణ ఎలాగూ తేలిపోతుంది, మందు లెక్క సరిగ్గానే ఉంది కదా. నేను నోరు విప్పితే ఇద్దరం మునుగుతాం. అక్క నా కోసం అందరి ముందూ పూచీ పడింది. ఇప్పుడు చెబితే ఆ మాట కూడా పోతుంది. అంటే నేను చెప్పకపోవడం అక్క కోసమే.

జూన్ 28

నిన్న రాసింది చదివాను. నాకోసం నేను రాసుకునే పుస్తకంలో కూడా ఇంత నున్నగా రాస్తున్నాను.

జూలై 4

కిటికీ అద్దాల మరమ్మతు కోసం జూకి వెళ్ళాల్సి వచ్చింది. బాబాయి నన్ను చూసి తల పంకించాడు. ఎవరితోనూ మాట్లాడటం లేదట. మారాజు వెనక దొడ్లో ఉన్నాడు. గోడకి మొహం పెట్టి నిలబడి ఉన్నాడు.

క్యూరేటర్ గారు సంతోషంగా ఎదురొచ్చారు. ఎల్లుండి మారాజుని గుమ్మటంలోకి వదులుతున్నారట. జనం అడుగుతున్నారట.

"గడ్డి పరుస్తారా?" అన్నాను.

"గడ్డి వేస్తే నేల కనబడదు కదమ్మా! సగం మంది ఆ నేల కోసమే వస్తున్నారు."

"కొన్నాళ్ళు వేస్తే మంచిదేమోనండీ."

"ఎందుకు? రాయి పాసైంది కదా?"

ఆయన నా జవాబు కోసం నిజంగానే ఎదురు చూశారు. ఆ బల్ల దగ్గర అడగలేదని నేను సాకు పెట్టుకున్న ప్రశ్న ఇదే. అడిగారు. దారిన పోతూ, నవ్వుతూ, అడిగారు.

"పాసైంది" అన్నాను.

జూలై 5

అక్కకి చెప్పేశాను.

పొద్దున్నే వెళ్ళాను. బావ తలుపు తీశాడు. అక్క అదే బల్ల దగ్గర, అదే కుర్చీలో. కూర్చోకుండానే మొదలుపెట్టాను, కూర్చుంటే మళ్ళీ కుళాయి దగ్గరికి వెళ్తానని భయం.

"అక్కా, పరీక్ష చేసింది గరుకు రాయికి. నువ్వు చూసిందీ అదే. తర్వాత మధ్యలో నేను రుద్దించాను. మేస్త్రీ నిన్ను అడిగారా అన్నాడు. అడిగానని చెప్పాను."

అక్క కళ్ళు నా మీదే ఉన్నాయి.

"ఎందుకు రుద్దించావు?"

"గుమ్మటం కనబడుతుందని."

"ఎక్కడ?"

"నేలలో."

ఈ మాట పైకి అన్నాక నాకే వినబడింది, ఎంత చిన్న కారణమో.

బావ వెనక నుంచి "ఓరి దేవుడా" అన్నాడు. అక్క అరుస్తుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. అక్క ముందున్న పుస్తకం మూసింది. లెక్కలు వేసిన కాగితాలన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టింది.

"మారాజు ఎక్కడున్నాడు?"

"వెనక దొడ్లో. రేపు లోపలికి వదులుతారు."

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"నిన్న."

"నిన్న తెలిసి ఇవాళ వచ్చావా?"

లేచింది. ఇంట్లో వేసుకునే చెప్పులతోనే గుమ్మం దిగింది. ఫోన్ చెవికి పెట్టుకుని వీధిలోకి నడుస్తూ బాబాయితో మాట్లాడుతోంది. "నేనే. తలుపుకి తాళం వెయ్యి. తాళంచెవి నీ దగ్గరే ఉంచుకో, ఎవరడిగినా ఇవ్వకు. వస్తున్నా." నేను వెనకాలే పరిగెత్తాను. మలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"నువ్వు నాతో రాకు. నువ్వు వాళ్ళ దగ్గరికి వెళ్ళు. ఆ బల్ల దగ్గరికి. నాతో చెప్పింది చెప్పు, ఒక్క మాట తగ్గకుండా."

"నువ్వు కూడా ఉంటే..."

"నేను నీ పక్కన ఒకసారి కూర్చున్నాను" అంది.

జూలై 8

చెప్పాను. పెద్దాయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "అప్పుడే ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు. "మీరు అడగలేదు" అన్న జవాబు నోటి దాకా వచ్చింది. మింగాను. "భయపడి" అన్నాను. మేస్త్రీని కూడా పిలిచారు. ఆయన నా వైపు చూడకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పి వెళ్ళిపోయాడు.

జూలై 22

అక్క మీద తప్పు లేదని తేల్చారు. పేపర్లో లోపలి పేజీలో రెండు లైన్లు. ఫోటో వేయలేదు.

జూ పనుల నుంచి నన్ను తప్పించారు. గుమ్మటం నేలని నా ఖర్చుతో, నేనే దగ్గరుండి మార్పించాలి. ఆ తర్వాత ఇక రావద్దు. పత్రికవాళ్ళకి నేనే వద్దని చెప్పాను. ఈసారి వాళ్ళు కాస్త బతిమాలారు.

జూలై 25

బావ ఫోన్ చేశాడు. అక్క మళ్ళీ పనిలో చేరింది. అలుగు కోలుకుంటోందట. "నీ మీద కోపంగా ఉందా బావా?" అని అడిగాను. "కోపమైతే తిట్టేది కదమ్మా" అన్నాడు.

ఆగస్టు 1

నడిమి వలయం పగలగొట్టించడం మొదలుపెట్టాం. మొదటి దెబ్బ నేను వేద్దామనుకున్నాను. మేస్త్రీ సుత్తి నా చేతికి ఇవ్వలేదు. "జరగండమ్మా, కాలి మీద పడుతుంది" అన్నాడు. ఆ గొంతులో వెటకారం లేదు, అందుకే నిలబడలేకపోయాను. నేనేదో శిక్ష అనుభవిస్తున్నట్టు బొమ్మ కట్టుకుందామని చూశాను. అక్కడ జరుగుతున్నది నేల పని.

ఆగస్టు 13

కొత్త రాయి వేశారు. గరుకుగా చెక్కింది, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా. నీళ్ళు పోసి చూశాం. పైనుంచి ఎండ దిగింది. తడి మీద ఏదో కొంచెం కదిలింది, ఏ ఆకారమూ కట్టలేదు. అంతే. పావురం ఒకటి మళ్ళీ లోపలికి వచ్చింది.

ఆగస్టు 16

ఈ రోజు మారాజుని వదిలారు. నా పని ఆఖరి రోజు.

అక్క వచ్చింది. నెలన్నర తర్వాత ఇదే చూడడం. చిక్కింది. నేలంతా వంగి వంగి చూసింది, అతుకుల దగ్గర వేళ్ళు పెట్టి చూసింది, బకెట్టు నీళ్ళు తనే పోసి బూటుతో గట్టిగా రాసింది, మళ్ళీ ఇంకోచోట పోసింది. ఈసారి నా మాట మీద దేన్నీ వదల్లేదు. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. బాగుందని అంటుందేమోనని ఎదురు చూశాను. అనలేదు.

బాబాయి వెనక దొడ్డి నుంచి మారాజుని తీసుకొస్తున్నాడు. అక్క నా దగ్గరికి వచ్చింది.

"కొత్తవాళ్ళుంటే బెదురుతాడు. నువ్వు బయట ఉండు."

మార్చిలో మారాజు నా చేతిలో మేత తిన్నాడు. ఆ మాట అనలేదు.

బయటికి వచ్చాను. అక్క ఆ ఎత్తు తలుపుని తనే లాగి మూసింది. గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఇటుకలు ఎండకి వేడెక్కి ఉన్నాయి. లోపల చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఒక గిట్ట. ఆగింది. ఇంకో గిట్ట. గరుకు మీద ఆనిన మొద్దు చప్పుడు. తర్వాత అక్క గొంతు, చిన్నపిల్లవాడితో మాట్లాడినట్టు: "రా నాన్నా. రా. ఏం కాదు. నేను చూశాను కదా, ఏం కాదు."

నాలుగు గిట్టలూ నడిచాయి. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, మధ్యలోంచి, ఎక్కడా ఆగకుండా. అవి మళ్ళీ ఇటు వైపు తిరిగి వచ్చేదాకా విన్నాను. తర్వాత పని కోసం నా దగ్గరుంచిన తాళాలు సెక్యూరిటీ గదిలో ఇచ్చేసి, టికెట్టు కొన్నవాళ్ళు పోయే దారినే బయటికి వచ్చాను.